నేదునూరు దాకా రాని గ్యాస్

మొన్న హనుమకొండ నుంచి కరీంనగర్ మీదుగా బావతో కలిసి వాళ్ళ ఊరికి పోతున్నాను. తిమ్మాపూర్ వచ్చేసరికి ఆయన ఎప్పటిలాగే మొదలుపెట్టాడు: "ఏం బామ్మర్దీ, మీ గ్యాస్ ప్లాంట్ ఎప్పుడొస్తది?" అక్కడికి దగ్గర్లోని నేదునూరు సంగతి అది. 2010లో 2100 మెగావాట్లకు శంకుస్థాపన చేశారు, భూములు తీసుకున్నారు, గ్యాస్ మాత్రం కేటాయించలేదు. బావ లెక్కలో కరెంటు పని చేసిన ప్రతివాడూ దానికి జవాబు చెప్పాల్సిందే.

నేను గోదావరి వైపు ఒక గ్యాస్ ప్లాంట్‌లో మూడేళ్ళు షిఫ్టులు చేశాను, పేరు వద్దులెండి. ఇలాంటి ప్లాంట్లను కంబైన్డ్ సైకిల్ అంటారు, అంటే ఏందని బావ అడిగితే మా నానమ్మ పొయ్యి గురించి చెప్పాను. పెద్ద పొయ్యి వెనకాల ఒక సందు, దాని మీద చిన్న పొయ్యి, దానికి వేరే కట్టెలు పెట్టేదే కాదు, అన్నం ఉడికే మంటలో కొంత అటు పోయి స్నానానికి నీళ్ళు కాగేవి. ఇక్కడా అంతే. గ్యాస్ మండి టర్బైన్‌ను తిప్పాక కూడా ఆ పొగలో 600 డిగ్రీల దాకా వేడి మిగిలే ఉంటుంది, దాన్ని బాయిలర్‌లోకి మళ్ళిస్తే నీళ్ళు ఆవిరై రెండో టర్బైన్ తిరుగుతుంది. మొత్తం కరెంటులో సుమారు మూడో వంతు ఆ రెండోదే ఇస్తుంది, అదనంగా గ్యాస్ కాల్చకుండానే. కొత్త మెషిన్లు గ్యాస్‌లోని శక్తిలో 55–60 శాతాన్ని కరెంటు చేస్తాయి, బొగ్గు ప్లాంట్లకు 40 దాటడమే కష్టం. పైగా బూడిద ఉండదు. రామగుండం చుట్టుపక్కల బతికినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు.

ఎండ ఒక్కటే దీనికి పడదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, టర్బైన్‌కు గాలి నొక్కి పంపే కంప్రెసర్ పీల్చే గాలి బరువు తగ్గుతుంది, దాంతో మెగావాట్లు పడిపోతాయి, అదీ అందరి ఇళ్ళల్లో కూలర్లు తిరిగే మే నెలలోనే.

ఇంతకీ గ్యాస్ ఏమైందంటే, కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రంలోని డీ6 అనే గ్యాస్ క్షేత్రం నుంచి 2009లో రావడం మొదలైంది, దాన్ని చూసే అందరికీ ఆశ పుట్టింది. కొన్నాళ్ళకే బావులు తగ్గుముఖం పట్టాయి, 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్, ఎల్‌ఎన్‌జీ ఉంది గానీ దాంతో తీసిన యూనిట్ ధర వింటే కొనేవాడు ఉండడు. నేదునూరు కట్టి ఉన్నా ఆగిపోయే ఉండేదని నాకైతే నమ్మకం.

మా ప్లాంటూ అలాగే ఆగిపోయింది. నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిన రోటార్, అంటే టర్బైన్‌లో తిరిగే ఇరుసు, ఊరికే పడుకోబెడితే సొంత బరువుకే వంగిపోతుందని, ఆయిల్ పంపు వేసి నెమ్మదిగా తిప్పుతుండేవాళ్ళం. చెవుల్లో ప్లగ్గులు లేకుండా అడుగు పెట్టలేని హాల్లో బల్లి అరిచినా వినపడేది. లాగ్ షీట్‌లో మాత్రం గంట గంటకూ రాయాలి కదా, గ్యాస్ ఫ్లో సున్నా, జనరేషన్ సున్నా, కింద సంతకం.

ఇదంతా విని బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయినా కడితేనే బాగుండు బామ్మర్దీ. ఆ తిప్పుడేదో ఇక్కడనే తిప్పెటోనివి, మీ అక్క దగ్గరన్నా ఉండెటోనివి."