నీలం రంగు వెలుగు

పదకొండున్నర దాటింది. ఇడ్లీ పిండి రుబ్బి గిన్నెలోకి తీసేశాను, గ్రైండరు కడిగేశాను, ఇక పడుకోవడమే తరువాయి. పడుకుంటే నిద్ర పట్టలేదు, లేచి వచ్చేశాను. సాయంత్రం వదినగారితో ఫోన్లో ఒక అబద్ధం ఆడాను. అదీ సంగతి.

"ధ్యానంలో ఏమైనా కనిపించిందా?" అని అడిగారు. రోజూ అడిగేదే. పది రోజులుగా "లేదండీ" అనే చెబుతున్నాను. ఈ రోజు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బెండకాయలు తరుగుతున్నాను. కుక్కరు మూడో కూత వేసింది, చిన్నది ట్యూషన్ నుంచి వచ్చి తలుపు బాదుతోంది. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. "ఆ, ఏదో వెలుగు లాంటిది కనిపించిందండీ. నీలం రంగులో."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నాకు తెలుసు" అన్నారు. గొంతు కొంచెం వణికింది. "నీకు వస్తుందని నాకు మొదటి నుంచీ తెలుసు."

రాత్రి ఎనిమిదింటికి వాళ్ళ ధ్యానం గ్రూపులో మెసేజి. మా మరదలికి పదకొండో రోజే నీలికాంతి కనిపించింది, అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఒకాయనైతే పూర్వజన్మ సాధన అని తేల్చేశారు. ఆదివారం అందరూ కలిసినప్పుడు నా అనుభవం నేనే చెప్పాలట. అయిదు నిమిషాలు.

నీలం అని ఎందుకన్నానో నాకు తెలుసు. నేను కూర్చునేది హాల్లో, టీవీ బల్లకి ఎదురుగా. ఆ బల్ల మీద వైఫై రౌటరు ఉంది కదా, దానికి నీలం దీపం. టైమెంతయిందో అని ఒక కన్ను తెరిచినప్పుడల్లా ముందు కనపడేది అదే. కాబట్టి పూర్తి అబద్ధం అని కూడా అనలేం. (ఆయనకి చెబితే వారం రోజులు నవ్వుతారు. చెప్పను.)

ఇదంతా మొదలుపెట్టింది గుండెదడ గొడవ వల్ల. ఈసీజీలో ఏమీ లేదు. డాక్టరమ్మ "టెన్షన్ తగ్గించుకోండి" అంది. ఎక్కడ అమ్ముతారో కూడా చెబితే బాగుండేది. అప్పుడు వదినగారు పట్టుకున్నారు, ఆనాపానసతి మొదలుపెట్టు అని. పేరే పెద్దది. పాళీ మాట. లోపలికి పోయే ఊపిరి, బయటికి వచ్చే ఊపిరి, వాటి మీద ఎరుక. ఊపిరిని బిగబట్టకూడదు, సాగదీయకూడదు, దాని మానాన దాన్ని వదిలేసి గమనించాలి. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసినప్పుడు తీసుకొచ్చి మళ్ళీ ఊపిరి దగ్గర కూర్చోబెట్టాలి. అంతే. ఇంత చిన్న పని ఇంత కష్టమని ఎవరూ ముందు చెప్పరు.

మొదటి మూడు రోజులూ నా ధ్యానం అంతా ఎడమ కాలి మీదే. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆరో నిమిషానికి తిమ్మిరి. లేచి కుంటుకుంటూ సోఫా దాకా వెళ్తుంటే అత్తయ్యగారు "మోకాలా?" అని జండూబామ్ తెచ్చారు. నాలుగో రోజు నుంచి కుర్చీలో కూర్చుంటున్నాను. కుర్చీలో కూర్చున్నా ఫరవాలేదని వదినగారే చెప్పారు, కాకపోతే మూడు రోజులు ఆలస్యంగా. అయిదో రోజు ఇంకో కంగారు. కుడి ముక్కులోంచే గాలి ఆడుతోంది, ఎడమది మూసుకుపోయినట్టుంది. సైనస్ అనుకున్నాను. పెద్దది (ఫిజియోథెరపీ అయినా ఇంట్లో అన్నిటికీ డాక్టరు అదే) నవ్వింది. అందరికీ అంతేనట, ముక్కు కొన్ని గంటలకోసారి పక్క మారుస్తుందట. నలభై ఆరేళ్ళుగా ఈ ముక్కుతోనే ఊపిరి పీలుస్తున్నాను, ఈ సంగతి ఎప్పుడూ చూసుకోలేదు. నిజం చెప్పాలంటే ఈ పదకొండు రోజుల్లో నాకు కలిగిన అనుభవం ఏదైనా ఉందంటే అదే. కానీ ఆదివారం మైకు పట్టుకుని ముక్కు గురించి చెబితే ఏం బాగుంటుంది?

ఇంకా ఒకటుంది. ఒకటి నుంచి పది దాకా ఊపిర్లు లెక్కపెట్టుకో, పది అయ్యాక మళ్ళీ ఒకటి, అన్నారు. నేను మహా అయితే నాలుగు. లేకపోతే ఒక్కసారే పదిహేడు, పద్దెనిమిది అని పోతుంటాను, పది ఎప్పుడు దాటిందో తెలీదు. మనిషి రోజుకి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని పెద్దవాళ్ళు చెప్పే లెక్క. నిమిషానికి 15 చొప్పున సరిగ్గా సరిపోతుంది, ఫోన్లో వేసి చూశాను. అందులో వరసగా పదింటిని పట్టుకోలేకపోతున్నాను. మధ్యలో వచ్చేవేమైనా గొప్ప ఆలోచనలా అంటే అదీ కాదు. గ్యాస్ బుక్ చేశానా. మినప్పప్పు నానబోశానా. మంజీరా నీళ్ళు ఇవాళా రేపా. తోడికోడలు ఆ పెళ్ళిలో నా చీర చూసి "రంగు నీకు కొత్తగా ఉందే" అంది, అంటే ఏమిటి అర్థం. ఆ పెళ్ళి జరిగి తొమ్మిదేళ్ళు.

ఆయన ఆఫీసులో ఒకాయన నాగార్జునసాగర్ రోడ్డులో విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్ళొచ్చాడు. పది రోజులు. పొద్దున్నే నాలుగింటికి గంట, రోజుకి పది గంటల పైచిలుకు కూర్చోవడం, ఎవరితో మాట్లాడకూడదు, ఫోను ముందే ఇచ్చేయాలి, సాయంత్రం కాస్త టీ, పండ్లు తప్ప రాత్రి భోజనం లేదు. మొదటి మూడు రోజులూ ఊపిరేనట. ఆయన అదేదో శిక్షలా చెప్పుకొచ్చారు. నేను వింటూ వేరే లెక్క వేసుకున్నాను. పది రోజులు ఎవరితో మాట్లాడక్కర్లేదు. ఎవరో వండి పెడతారు. రాత్రి ఏం కూర అని ఎవరూ అడగరు.

సరే, అసలు కోపం దగ్గరికి వస్తాను. ఈ "అనుభవం" అన్న మాట మీదే నాకు కోపం. పరీక్ష రాసి వచ్చిన పిల్లని గేటు దగ్గరే ఆపి ఎన్ని బిట్లు కరెక్టు అని అడిగినట్టు ఉంటుంది. ఆ గ్రూపులో చూస్తే ఒకావిడకి మూడో కన్ను దగ్గర చక్రం తిరుగుతోంది, ఇంకొకావిడ కూర్చున్న చోటు నుంచే హిమాలయాలకి వెళ్ళొచ్చింది, ఒకాయనకి చనిపోయిన వాళ్ళ నాన్నగారు కనపడి పొలం గట్టు తగాదాకి సలహా చెప్పారు. పోనీ వాళ్ళకి కనపడ్డాయి, నాకేం బాధ? కానీ రోజూ అవి చదివి కూర్చుంటే కళ్ళు మూసుకున్న దగ్గర్నుంచీ ఎదురుచూపే. వచ్చిందా, ఇదేనా, అదిగో ఏదో కదిలింది. ఊపిరి మీద ఎక్కడుంటుంది ధ్యాస? సినిమా మొదలవుతుందని తెర వైపు చూస్తూ కూర్చున్నట్టే. పైగా లెక్క ఒకటి, వయసు ఎంతో అన్ని నిమిషాలు కూర్చోవాలని. పిరమిడ్ ధ్యానంలో అలాగే చెబుతారు. నాకు 46 రావాలి. నేను 12 దగ్గర ఉన్నాను. ఏడో తరగతి పిల్లని. అత్తయ్యగారు 79 కూర్చోగలరు, కాకపోతే మొదటి అయిదు నిమిషాల తర్వాత గురక.

అర్జునుడంతటివాడే మనసుని పట్టడం గాలిని పట్టడంలా ఉంది అన్నాడు గీతలో. కృష్ణుడు కూడా కాదనలేదు. సందేహం లేదు, కష్టమే అని ఒప్పుకున్నాకే అభ్యాసం సంగతి చెప్పాడు. ఏమైనా కనిపించిందా అని మాత్రం అడగలేదు. (విశ్వరూపం తర్వాత సంగతి, అది వేరే. అది కూడా అర్జునుడు తనే అడిగి చూశాడు.)

నిన్న పొద్దున్న మాత్రం ఒకటి కనిపించింది. వెలుగు కాదు, నాన్న గాలం.

మా వైపు, కాటన్ దొర పుణ్యమా అని, కాలువ లేని ఊరు ఉండదు. నాన్న రైసు మిల్లులో గుమస్తా, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే వెదురు కర్ర, కొబ్బరి చిప్పలో తడి మట్టి వేసి ఎర్రలు పట్టుకుని కాలవ గట్టుకి బయల్దేరేవాడు. నాకు ఎనిమిదో తొమ్మిదో, వెనకాలే పోయేదాన్ని. దారానికి జీలుగు బెండు ముక్క కట్టేవాడు, వేలి కణుపంత ఉంటుందేమో, తెల్లగా. అది నీళ్ళ మీద నిలబడేది. మాట్లాడకు, బెండు చూడు, అనేవాడు. అదొక్కటే చెప్పేవాడు. నేను చూసేదాన్ని. కాసేపటికి అవతలి గట్టున గేదెలు దిగేవి, తూటికాడ మీద పిట్ట వాలేది, నా చూపు అటు పోయేది. నాన్న ఏమీ అనకుండా గడ్డంతో నీళ్ళ వైపు చూపించేవాడు. మళ్ళీ బెండు. పరిగెలు వచ్చి ఎర కొరికితే బెండు ఊరికే వణుకుతుంది. అప్పుడు లాగకూడదు, బుడుంగున మునిగినప్పుడే లాగాలి. ఒకసారి కర్ర నా చేతికిచ్చాడు. అది వణికింది, నేను ఆగలేక లాగేశాను. ఖాళీ గాలం వచ్చి నాన్న చొక్కా చేతికి పట్టుకుంది. తిడతాడనుకున్నాను. గాలం ఊడదీసుకుని, ఇంకో ఎర్ర గుచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వేసి, కర్ర నా చేతికే ఇచ్చాడు. "బెండు చూడు."

ఇది గుర్తొచ్చి నిన్నంతా ఎంత సంతోషపడ్డానో. ఇదే కదా వదినగారు చెప్పేది, పోయింది, తీసుకురా, కూర్చోబెట్టు. నాన్నకి పాళీ రాకపోయినా ఇది వచ్చిందే! ఆదివారం ఇదే చెబుదామనుకున్నాను, నీలం వెలుగు బదులు.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళు తాగడానికి లేచాను. వచ్చి చదువుకుంటే నాన్నని ఋషిని చేసేసినట్టున్నాను. ఆయన కాలవకి వెళ్ళింది ధ్యానం చేయడానికి కాదు. ఆదివారం సాయంత్రాలు చిట్టీ డబ్బుల కోసం మనుషులు ఇంటికొచ్చేవాళ్ళు. గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పేది అమ్మ. పొద్దు పోయాక ఈయన మూడు జెల్లలు తామరాకులో చుట్టుకుని నింపాదిగా వచ్చేవాడు. లాంతరు దగ్గర పెట్టుకుని, బండ మీద బూడిద వేసి ఆ జిగురంతా పోయేదాకా తోమేది అమ్మే. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ సలుపు ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకి తెలుసు. వేలు నోట్లో పెట్టుకుని అమ్మ ఒకసారి అన్న మాట నాకు బాగా గుర్తు. "ఆయనకేం, గట్టున కూచునొచ్చారు."

ఈ పూట పొద్దున్న నేను కూర్చున్నప్పుడు మాడు వాసన వచ్చింది. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. నేను ధ్యానం మొదలెట్టినప్పటి నుంచి అత్తయ్యగారు కాఫీ ఆవిడే పెట్టుకుంటున్నారు. ఆవిడకి చేతులు వణుకుతాయి. వాసన వస్తూనే ఉంది, నేను లేవలేదు. మూడు, నాలుగు, అయిదు అని పళ్ళు బిగించి లెక్కపెడుతున్నాను. పదకొండు రోజుల్లో పదికి చేరింది ఆ ఒక్కసారే, కోపంతో. లేచి వెళ్ళేసరికి స్టవ్వు తుడిచేసి ఉంది. ఆవిడ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మసిగుడ్డ మాత్రం తడిగా, పాల వాసనతో కుళాయి మీద ఆరేసి ఉంది.

వదినగారి మీద ఇంత రాశాను కానీ, ఆవిడ మొదలుపెట్టింది అన్నయ్యగారు పోయాక. మూడేళ్ళవుతోంది. ఆ మూడు పడగ్గదుల ఇంట్లో ఒక్కరే. పొద్దున్న గంట, సాయంత్రం గంట కూర్చుంటారు. ఆవిడకి ఏం కనపడుతుందో నేను ఎప్పుడూ అడగలేదు. రోజూ నన్నే అడుగుతారు, నేను "లేదండీ" అని పెట్టేస్తాను, ఆవిడ సంగతి అడగాలని తట్టలేదు.

ఇప్పుడే ఫోను తీసి రాశాను, "వదినగారూ, ఆ నీలం వెలుగు మా రౌటరుది, క్షమించండి" అని. చెరిపేశాను. "రేపు మాట్లాడాలండీ" అని రాశాను. అదీ చెరిపేశాను. ఈలోగా అవతల నుంచే మెసేజి.

"ఆన్‌లైన్‌లో ఉన్నావు. ఇంకా పడుకోలేదా?"

పన్నెండుంబావు. ఆవిడా పడుకోలేదు.