వేట మానేసిన ఊళ్ళో మకాం

నాగాలాండ్ వెళ్తున్నాం అంటే అందరూ ముందు అడిగేది డిసెంబర్‌లో జరిగే హార్న్‌బిల్ పండగ గురించే. మేం వెళ్ళింది జూన్ చివర్లో, నడి వానల్లో. నాగాలాండ్, మణిపూర్ సరిహద్దులోని జూకో లోయలో లిల్లీలు పూసేది అప్పుడే, కొండ మళ్ళలో వరి నాట్లు పడేదీ అప్పుడే. మా పిన్ని కొడుకు పాడేరు వైపు కాఫీ రైతులతో పనిచేస్తాడు. పోడు కొండలు రోజూ చూసేవాడు కాబట్టి వాడి ధ్యాసంతా పూల కన్నా ఆ మళ్ళ మీదే ఉంది. నాకు నడక కావాలి, వాడికి సేద్యం కావాలి. రెండూ దొరికే ఊరని ఖొనోమా పెట్టుకున్నాం.

బయటి రాష్ట్రాలవాళ్ళు నాగాలాండ్‌లోకి రావాలంటే కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లోనే తీసుకున్నాం. గౌహతి నుంచి రైల్లో దిమాపూర్ చేరి, అక్కడ సుమోలో రెండు సీట్లు పట్టుకున్నాం. రాజధాని కొహిమాకు 74 కిలోమీటర్లు. "రోడ్డు బాగుంటే మూడు గంటలు, కొండ జారితే నాకు తెలీదు" అని డ్రైవర్ ముందే చెప్పేశాడు. చుమౌకెడిమా దాటాక ఘాట్ మొదలవుతుంది. 2023 జూలైలో కొండ మీంచి బండరాయి దొర్లి ఆగి ఉన్న కార్లను నుజ్జు చేసిన వీడియో చాలామంది చూసే ఉంటారు, అది ఈ దారిలోనే. మా తమ్ముడు దారి పొడవునా కిటికీలోంచి కొండ వైపే చూస్తూ కూర్చున్నాడు, చూస్తూ ఉంటే రాయి ఆగుతుందన్నట్టు. నాకూ టెన్షన్‌గానే ఉంది గానీ వాణ్ణి చూస్తే నవ్వొచ్చింది.

కొహిమా నుంచి పడమటికి ఇరవై కిలోమీటర్లు వెళ్తే ఖొనోమా. కొండ శిఖరం మీద ఊరు, కింద మెట్లు మెట్లుగా దిగిపోయే మళ్ళు. ఊళ్ళోకి రాగానే ప్రవేశ రుసుం కట్టించుకుని రసీదు ఇచ్చారు, ఒక గైడ్‌ని అప్పజెప్పారు. హోమ్‌స్టే కూడా వాళ్ళ ద్వారానే కుదిరింది. ఇద్దరికీ భోజనాలతో కలిపి రోజుకు మూడు వేల లోపే అయింది. బయటివాళ్ళు ఒంటరిగా ఊరంతా తిరగడం ఇక్కడ కుదరదు. మొదట ఇదేం చాదస్తం అనిపించింది గానీ, సందుల్లో నడుస్తుంటే అర్థమైంది. దారి ఒకళ్ళ వాకిట్లోంచి పోతుంది, ఇంకొకళ్ళ పందుల దొడ్డి పక్క నుంచి పోతుంది. గైడ్ లేకుండా వెళ్తే ఇళ్ళలోకి జొరబడినట్టే ఉంటుంది.

వీళ్ళు అంగామీ నాగాలు. మెర్హుమా, సెమోమా, థెవోమా అని ఊళ్ళో మూడు పేటలున్నాయి. పేటలోకి వెళ్ళే చోట రాతి గోడల మధ్య చెక్కిన కొయ్య తలుపులు కనిపిస్తాయి. 1879 అక్టోబర్‌లో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్ డామంట్ ఇక్కడికి సిపాయిలతో వచ్చి తుపాకీ గుండుకు చనిపోయాడు. ఆ తర్వాత బ్రిటిష్ సైన్యం ఊరి మీదికి వచ్చింది, వీళ్ళు నెలల తరబడి లొంగలేదు. చివరికి 1880 మార్చిలో ఒప్పందం కుదిరింది. నాగా ఉద్యమ నాయకుడు ఫిజో పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఇదంతా గైడ్ కోట గోడ మీద కూర్చుని తాపీగా చెప్పాడు. అంత తాపీగా వినే ఓపిక మాకు లేదు, వాన మొదలైంది.

మేం దిగిన ఇంటావిడని అందరూ ఆంటీ అంటున్నారు, మేమూ ఆంటీ అనే అన్నాం. మా ఇద్దర్నీ ఆవిడ సిస్టర్, బ్రదర్ అని పిలిచేది. గది బాగానే ఉంది గానీ మేం గదిలో ఉన్నది నిద్రకే. మిగతా పొద్దంతా వంటింట్లో పొయ్యి చుట్టూ పీటలేసుకుని కూర్చోవడమే. పొయ్యి గది మధ్యలో ఉంటుంది. పైన వెదురు తట్టల మీద మాంసం ముక్కలు పొగకి ఆరుతుంటాయి, పక్కనే మొక్కజొన్న కంకుల గుత్తులు. తడిసిన సాక్సులు కూడా అక్కడే ఆరేసుకోమని ఆవిడే చెప్పింది. ఆ పొగ వాసన విశాఖ వచ్చాక రెండు ఉతుకులకి కూడా వదల్లేదు.

మా వాడు శాకాహారి. నాగాలాండ్‌లో శాకాహారికి ఆకలి తప్పదని ఊదరగొట్టినవాళ్ళు చాలామందే. నిజానికి అన్నం, ఉడికించిన ఆవ ఆకు, పప్పు, బెంగళూరు వంకాయ కూర, ఇవి ప్రతి పూటా ఉన్నాయి. బెంగళూరు వంకాయని వీళ్ళు స్క్వాష్ అంటారు, పందిళ్ళ నిండా దాని తీగలే. కాయే కాదు, లేత కొసలు కూడా తుంచి వండేస్తారు. నూనె దాదాపు లేదు. కారం మాత్రం పచ్చడిలో పెట్టి దాచారు. ఆంటీ రాజా మిర్చి ఒకటి నిప్పుల మీద కాల్చి, చెట్టు టమాటాలు కూడా కాల్చి తొక్క తీసి, అల్లం, ఉప్పు వేసి కొయ్య రోట్లో నూరింది. అచ్చం మన రోటి పచ్చడే, తాలింపు లేదంతే. "గుంటూరు వైపు చుట్టాలున్నారు మాకు, కారం మాకు లెక్క కాదు" అని మా వాడు గరిటెడు వేసుకున్నాడు. ఆవిడ నోరు విప్పలేదు. వాడు రెండో ముద్దకే లేచి బయటికి పోయాడు. ఆవిడ నవ్వాపుకుని అరటిపండు పంపించింది.

మర్నాడు పొలాల్లోకి దిగాం. దిగువ మళ్ళలో నాట్లు జోరుగా సాగుతున్నాయి. ఆడవాళ్ళు గుంపులుగా వంగి నాటుతున్నారు. ఒక ఈడువాళ్ళంతా ఒక జట్టుగా ఉండి ఒకరి పొలంలో ఒకరు చేసుకుంటారని గైడ్ చెప్పాడు. దారిలో వాన వస్తే ఆగడానికి అక్కడక్కడా కట్టిన పాకలూ ఇలాంటి జట్లు కట్టించినవేనట.

పై వాలులో ఉన్న చెట్లను చూడ్డానికే మా వాడు ఇంత దూరం వచ్చాడు. ఆల్డర్ చెట్లు. మన పోడు లాగే ఇక్కడా కొండ కొట్టి సాగు చేస్తారు, దాన్ని ఝూమ్ అంటారు. తేడా ఏమిటంటే ఈ చెట్టుని మొదలంటా నరకరు. మనిషి ఎత్తులో తల మాత్రం తీసేస్తారు. కొన్ని ఎంత ముసలి చెట్లంటే మొదలు మా ఇద్దరి చేతులు కలిపినా అందలేదు, పైన మాత్రం బుడిపెలు బుడిపెలుగా, నిరుడో మొన్నో నరికిన మచ్చలతో ఉన్నాయి. తల తీసిన చోట మట్టి మెత్తి పైన ఒక చదును రాయి పెట్టారు. మా వాడు ఆ రాయి ఎత్తి చూడబోతే గైడ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. రాయి తీస్తే తడి ఆరిపోయి చిగుళ్ళు సరిగా రావట. రెండేళ్ళు చెట్ల మధ్య మొక్కజొన్న, బంగాళాదుంప, చిక్కుడు, గుమ్మడి వేస్తారు. తర్వాత కొన్నేళ్ళు వదిలేస్తే కొమ్మలు మళ్ళీ పెరుగుతాయి, వంటచెరుకు దొరుకుతుంది. ఆల్డర్ వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. అందుకే బీడు పెట్టే కాలం తక్కువైనా నేల చేవ చావదు. "మన దగ్గర కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ వేస్తున్నాం అక్కా, అది నేలకి ఏమిస్తుంది?" అని మా వాడు ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నాడు. పాడేరు ఎత్తులో ఆల్డర్ బతుకుతుందా అని గైడ్‌ని నాలుగైదు సార్లు అడిగాడు. మొక్క పెట్టి చూసుకో అన్నాడాయన.

మా గైడ్ ఒకప్పుడు వేటగాడు. ఆ మాట దాచడు, గర్వంగానే చెప్తాడు. ఇక్కడ మగవాడంటే వేటగాడే, గోడల మీద ఇప్పటికీ కొమ్ములు, పుర్రెలు వేలాడుతుంటాయి. బ్లైత్ ట్రాగోపాన్ అని ఎర్రటి అడవికోడి ఒకటుంది, నాగాలాండ్ రాష్ట్ర పక్షి. 90ల మొదట్లో ఒక్క వారంలో వందల కొద్దీ ట్రాగోపాన్‌లను కొట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. అది చూసి సిలీ సఖ్రీ లాంటి పెద్దలు వేట ఆపాలని పట్టుబట్టారు. ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాక 1998లో ఊరి కౌన్సిలే తన అడవిని ట్రాగోపాన్ అభయారణ్యంగా ప్రకటించుకుంది. ఊరి పరిధిలో వేట బంద్, తప్పితే జరిమానా. 2005లో దేశంలోనే మొదటి గ్రీన్ విలేజ్ అన్న పేరొచ్చింది. టూరిజం ఆ తర్వాత వచ్చిన సంగతి. ముందు అడవిని ఆపుకున్నారు, తర్వాత గదులు అద్దెకిచ్చారు. చాలా చోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు కాళ్ళ కింద నలిగిన చిప్స్ ప్యాకెట్లు నాకింకా గుర్తున్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం మనకి తెలుసు, ఉద్యోగాల గొడవల పుణ్యమా అని. నాగాలాండ్‌కి 371-ఎ ఉంది. దాని ప్రకారం వాళ్ళ ఆచార చట్టాలు, భూమి యాజమాన్యం విషయంలో పార్లమెంటు చేసే చట్టాలు అక్కడి శాసనసభ ఒప్పుకుంటే తప్ప వర్తించవు. అడవిలో ఎక్కువ భాగం ఊళ్ళది, వంశాలది. అందుకే ఊరు వేట వద్దనుకుంటే అది ఊరి చట్టమైంది. మన మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి కుర్రాళ్ళు కష్టపడి గెస్ట్‌హౌస్‌లు నడుపుతున్నారు, మంచిగానే నడుపుతున్నారు, కానీ అడవి అటవీ శాఖది. ఖొనోమాని చూసి "మనవాళ్ళూ ఇలా చేయొచ్చుగా" అనేవాళ్ళు ఈ తేడా మర్చిపోతారు. హోమ్‌స్టే బోర్డు పెట్టగానే ఊరికి పెత్తనం రాదు. ట్రాగోపాన్ మాకు కనబడలేదు. వానల్లో ఎందుకు కనబడుతుంది అని గైడ్ మమ్మల్నే ఎదురడిగాడు.

జూకోకి ఖొనోమా వైపు నుంచీ దారి ఉంది గానీ వానల్లో అది వద్దని ఆంటీయే ఆపింది. కొహిమా మీదుగా విశ్వెమా వెళ్ళి, అక్కణ్ణుంచి జీపులో మట్టిరోడ్డు చివరిదాకా పోయాం. మొదటి గంట నిట్టనిలువు ఎక్కుడు. అడవిలో రాతి మెట్లు, నాచు, చెట్ల వేళ్ళు. జలగల కోసం సాక్సుల మీద ఉప్పు నీళ్ళు చల్లుకున్నాం, వాన దాన్ని పది నిమిషాల్లో కడిగేసింది. మా వాడు ప్రతి మలుపులో "అక్కా, ఇంకెంత?" అంటాడు, నేను ప్రతిసారీ "ఇదే ఆఖరుది రా" అంటాను. శిఖరం చేరాక మాత్రం దారి చదునైపోయింది. అక్కణ్ణుంచి రెండు గంటలకి పైగా మరుగుజ్జు వెదురు మధ్య నడక. దూరం నుంచి కొండలన్నీ గడ్డి కోసినట్టు నున్నగా కనిపిస్తాయి. దగ్గరికెళ్తే అది నడుం లోతు వెదురు, దారి తప్పితే కాలు ఎక్కడ పడుతుందో తెలీదు.

జూకో దాదాపు 2,450 మీటర్ల ఎత్తున ఉంది. పైన గెస్ట్‌హౌస్ ఉంది. లోయ బాగోగులు సదరన్ అంగామీ యూత్ ఆర్గనైజేషన్ కుర్రాళ్ళు చూస్తారు. ప్లాస్టిక్ తేవద్దు, బయట మంట వేయొద్దు అని రాగానే చెప్పారు. మంట మాటలో వాళ్ళు ఎందుకంత కరుకుగా ఉంటారో లోయలోకి దిగుతుంటే కనిపించింది. పచ్చటి వెదురు మధ్య నల్లగా మాడిన రోడోడెండ్రాన్ పూలచెట్ల మోళ్ళు నిలబడి ఉన్నాయి. ఈ లోయ చాలాసార్లే కాలింది. 2020 డిసెంబర్ చివర్లో అంటుకున్న మంట కొత్త సంవత్సరంలోకీ సాగి, మణిపూర్ వైపు కొండలకీ పాకింది. వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్ళు కుమ్మరించాల్సి వచ్చింది. పై నుంచి హెలికాప్టర్లు, కింద కొమ్మలు పట్టుకుని మంటలు కొట్టిన వాలంటీర్లు. వంటగదిలో టీ ఇచ్చిన కుర్రాడు వాళ్ళలో ఒకడు. అప్పటి సంగతులు అడిగితే ఫోన్‌లో ఫొటోలు చూపించి, టీ డబ్బులు మాత్రం మర్చిపోకుండా తీసుకున్నాడు.

లిల్లీల కోసం గెస్ట్‌హౌస్ నుంచి అరగంట కిందికి దిగాలి. వాగు ఒడ్డున, మోకాలి ఎత్తు కాడలకి, లేత గులాబీ రంగులో తలలు వంచుకుని ఉంటాయి. మణిపూర్‌లోని షిరుయ్ లిల్లీకి ఇవి దగ్గరి చుట్టాలు. తోటల్లా పరుచుకుని ఉంటాయని ఊహించుకుని వెళ్తే నిరాశే. ఇక్కడొకటి, అక్కడ రెండు, వెదురు సందుల్లో వెతుక్కోవాలి. ఒకతను ఫొటో కోసం ఒక పువ్వుని పక్కకి వంచి పట్టుకుంటే వాళ్ళ గైడ్ అతని మీద అరిచిన అరుపు లోయంతా వినబడింది. నాకు ఆ అరుపు నచ్చింది.

రాత్రి డార్మిటరీలో అద్దె దుప్పట్లు నాలుగేసి కప్పుకున్నా చలి ఆగలేదు. వెళ్ళేవాళ్ళు స్లీపింగ్ బ్యాగ్ తీసుకెళ్ళండి. గొడుగు దండగ, గాలికి నిలవదు, మంచి రెయిన్‌కోటు కావాలి. డబ్బు కొహిమాలోనే తీసి పెట్టుకోండి, కొండ మీద ఫోన్ పేమెంట్లని నమ్ముకోవద్దు. శాకాహారులైతే హోమ్‌స్టే వాళ్ళకి ముందురోజే చెప్పండి, పచ్చడిలో ఎండు చేప వేయకుండా విడిగా నూరిపెడతారు. ఆదివారం మాత్రం ఏ ప్రయాణమూ పెట్టుకోకండి. కొట్లు, సుమోలు అన్నీ బంద్, ఊరంతా చర్చిలోనే ఉంటుంది. మా తిరుగు ప్రయాణం సరిగ్గా ఆ రోజే పడితే ఆంటీ మమ్మల్నీ చర్చికి తీసుకెళ్ళింది. పాటలు గొప్పగా పాడారు. దిమాపూర్ బండి సోమవారం పొద్దున దొరికింది.