తొట్లకొండ వెళ్తే తొట్ల దగ్గర కూడా దణ్ణం పెట్టుకోండి

బుద్ధపూర్ణిమకి అమ్మని తీసుకుని విశాఖ దగ్గర, ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్న తొట్లకొండ వెళ్లొచ్చాం. రుషికొండ దాటి భీమిలి రోడ్డులో వెళ్తూ ఆ కొండ కనపడితేనే నాకు ప్రాణం లేచొస్తుంది, కానీ ఈసారి బాధతో దిగాను. మహాస్తూపం ముందు చెప్పులతో సెల్ఫీలు, సరే అది ఎప్పుడూ ఉండేదే. కొండకి పేరొచ్చిందే రాతిలో తొలిచిన ఆ నీటి తొట్ల వల్ల కదా, ఒక తొట్టిలో నీళ్ల బాటిల్, చిప్స్ ప్యాకెట్లు తేలుతున్నాయి!

"ఉదబిందునిపాతేన ఉదకుంభోపి పూరతి" అని బుద్ధుడి మాటలున్న ధమ్మపదంలో చదువుకుంటాం. పుణ్యం నాదాకా ఎక్కడొస్తుందిలే అని తేలిగ్గా తీసెయ్యకు, చుక్కా చుక్కా పడే బిందె నిండుతుంది అని. ఎన్నేళ్లుగా చదువుతున్నా ఆ తొట్టి పక్కన కూర్చున్నాకే నాకది ఒంటబట్టింది. కింద కనుచూపుమేర సముద్రం, గుక్కెడు తాగడానికి లేదు. ఆషాఢ పూర్ణిమ దాటాక వర్షావాసం, మూడు నెలలు భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండాలి, పైనుంచి పడిన వాన తొట్లలో పట్టుకుంటేనే దాహం తీరేది. ఆ నీళ్లు కూడా ఊరికే ముంచుకు తాగెయ్యరు. భిక్షువు దగ్గరుండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టుకునేది ఒకటి, నీళ్లలో చిన్న పురుగు కూడా చావకూడదని. దాహం వేసినప్పుడు కూడా అంత దయ! అలాంటివాళ్లు ముంచుకున్న తొట్టిలో ప్లాస్టిక్ వెయ్యడానికి మనకి చేతులెలా వస్తున్నాయి?

చిన్నప్పుడు మా వీధి కుళాయి సన్నగా వచ్చేది, అమ్మ తెల్లారకుండానే బిందె పెట్టి అది నిండేదాకా పక్కనే గొంతుక్కూర్చునేది. ఆవిడ స్తూపం కంటే ఆ తొట్టి దగ్గరే ఎక్కువసేపు నిలబడింది. "ఈ సాములకీ మనలాగే నీళ్ల కష్టమేనేటి" అంది. మోకాళ్ల నొప్పితోనే వంగి, గొడుగు కర్రతో ఆ ప్యాకెట్లని ఒడ్డుకి లాగింది, నేను తీసి సంచిలో వేశాను, బాటిల్ మాత్రం అందలేదు.

నేవీవాళ్ల సర్వేలో కనపడి, 1988 నుంచి 1993 దాకా తవ్వితే మనకి దక్కిన చోటండీ ఇది. ఈ ఆషాఢ పూర్ణిమకి రండి, వాన పడితే ఇంకా మంచిది. చెప్పులు విప్పండి, ఖాళీ బాటిల్ మీ బ్యాగులోనే కిందకి తెచ్చుకోండి. పిల్లల్ని తొట్టి దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టి, చినుకు నీళ్ల మీద పడటం చూడనివ్వండి.