కళ్ళకి కసరత్తు చేయిస్తే చదువు వస్తుందా?

చదవడంలో వెనకబడిన పిల్లలకి విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా ఇంట్లోనే పాఠాలు చెబుతాను. ఈ మధ్య అమ్మలందరూ ఒకే మాట అడుగుతున్నారు: "మేడమ్, విజన్ థెరపీ చేయించమంటున్నారు. చేయించేస్తే చదివేస్తాడా?" విజన్ థెరపీ అంటే కళ్ళకి చేయించే కసరత్తు.

కళ్ళ సమస్య అబద్ధమని నేను అనను. పుస్తకం చూసేటప్పుడు రెండు కళ్ళూ కలిసి లోపలికి తిరగాలి. కొందరు పిల్లలకి అది సరిగ్గా జరగదు. అక్షరాలు రెండుగా కనబడతాయి, మసకేస్తాయి, తలనొప్పి వస్తుంది. దీన్నే కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. దీనికి థెరపీ పనిచేస్తుంది. అమెరికాలో 221 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2008లో వచ్చింది. క్లినిక్‌లో 12 వారాలు అసలు థెరపీ చేయించుకున్నవాళ్ళలో 73 శాతం మందికి గుణం కనిపించింది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి థెరపీ ఇచ్చినవాళ్ళలో అది 35 శాతమే.

మరి చదువు? అదీ పరీక్షించి చూశారు. అదే సమస్య ఉన్న 310 మంది పిల్లలకి 16 వారాలు థెరపీ ఇచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. చదివింది అర్థం చేసుకోవడంలో, అసలు థెరపీ పొందినవాళ్ళకీ ఉత్తుత్తి థెరపీ పొందినవాళ్ళకీ తేడా ఏమీ తేలలేదు. అమెరికా పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే, తెలివితేటలున్నా చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియాకి ఇది వైద్యం కాదని కలిసి ప్రకటించాయి. అంతెందుకు, ఈ థెరపీ ఇచ్చే అక్కడి ఆప్టోమెట్రిస్టుల (చూపు పరీక్షించి కళ్ళద్దాలు రాసే నిపుణుల) సంఘాలే, విజన్ థెరపీ డిస్‌లెక్సియాని నేరుగా నయం చేయదని 1997లో రాసుకున్నాయి. ఆ మాట మన ఊళ్ళో ఫీజు కట్టే అమ్మానాన్నల దాకా రావడం లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నా దగ్గర నాలుగో తరగతి బాబు ఒకడున్నాడు. పుస్తకం మూసేసి అడిగాను, "నాన్నా, 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుంది?" చాలాసేపు ఆలోచించి "పల" అన్నాడు. అక్కడ కంటితో చూడాల్సింది ఏముంది? మాటలోని శబ్దాలని విడదీయడం వాడికి కష్టం. డిస్‌లెక్సియా ఉన్న చాలామందిలో చిక్కు అక్కడే. శబ్దానికీ అక్షరానికీ ముడివేస్తూ, గుణింతాలూ ఒత్తులూ ఒక వరసలో, రోజూ, ఓపికగా నేర్పాలి. అడ్డదారి నాకు కనబడలేదు.

కంటి పరీక్ష మాత్రం మానొద్దు. హనుమంతవాక ఎల్.వి. ప్రసాద్‌లోనో, చినవాల్తేరు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోనో ముందు చూపించండి. థెరపీ అంటే "ఏ కంటి జబ్బుకండీ?" అని అడగండి. జబ్బు పేరు చెప్పి, పరీక్షలో ఏం తేలిందో చూపిస్తే చేయించండి. "మార్కులు పెరుగుతాయి" అని మాత్రమే అంటే డబ్బు కట్టకండి. చేయించినా సరే, చదువు చెప్పించడం ఆ నెలల్లో ఆపకండి. రెండో తరగతిలో మొదలుపెట్టాల్సిన పిల్లలు ఐదో తరగతిలో నా దగ్గరకి వస్తున్నారు.