భోగినాడు డెట్రాయిట్‌లో

సాయంత్రం పోయాల్సిన భోగిపళ్ళు మధ్యాహ్నమే పోసేశారు. రేగిపళ్ళు దొరక్క క్రాన్‌బెర్రీలతో కానిచ్చారు. "పండగకన్నా మ్యాచే ఎక్కువైపోయింది మీకు" అని అక్క సణుగుతూనే ఉంది. 2024 జనవరి 14, ఆదివారం. సంక్రాంతికని కొలంబస్ నుంచి డెట్రాయిట్ పక్కనున్న నోవై వెళ్తే, బావ నన్ను అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం డెట్రాయిట్ డౌన్‌టౌన్‌కి లాక్కెళ్ళాడు.

ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియం 2002లో తెరిచారు. అందులో డెట్రాయిట్ జట్టు లయన్స్ ప్లేఆఫ్ (ఓడితే ఇంటికే అనే నాకౌట్) మ్యాచ్ ఆడటం ఇదే మొదటిసారి. 2008లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయిన జట్టిది. 2021లో కోచ్‌గా వచ్చిన డాన్ క్యాంప్‌బెల్‌కి మొదటి ఏడాది దక్కినవి మూడే విజయాలు. ఈ సీజన్లో మాత్రం 17లో 12 గెలిచి, 30 ఏళ్ళ తర్వాత తమ డివిజన్ (లీగ్‌లో తామున్న గ్రూపు) టైటిల్ కొట్టారు.

టికెట్ ధరలు చూసి లోపలికెళ్ళే ఆలోచన మానుకున్నాం. స్టేడియం పక్కనే గ్రీక్‌టౌన్‌లో ఒక బార్‌లో దూరాం. బయట మైనస్ చలి, లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. ఎటు చూసినా నీలం జెర్సీలే. నా పక్కన ఓ పెద్దాయన, లయన్స్ పాత స్టార్ బ్యారీ శాండర్స్ 20వ నంబరు జెర్సీ వేసుకుని. రంగు వెలిసి, అంకె అంచులు పగిలిపోయాయి. అంతకుముందు లయన్స్ ఆఖరిసారి ప్లేఆఫ్ గెలిచింది 1992 జనవరిలో, డాలస్ మీద 38-6తో. ఆ మ్యాచ్‌కి వెళ్ళానని చెప్పాడాయన.

ఇవాళ ఎదుటి జట్టు రామ్స్. దాని క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) మాథ్యూ స్టాఫర్డ్, 12 సీజన్లు లయన్స్‌కే ఆడినవాడు. 2021లో అతన్ని అటు పంపి, జారెడ్ గాఫ్‌ని ఇటు తెచ్చుకున్నారు. స్టాఫర్డ్ తెరమీద కనిపించగానే బారంతా గోల గోలగా ఎగతాళి. నాకైతే నచ్చలేదు. పెద్దాయన నవ్వి, "రేపట్నుంచి మళ్ళీ ప్రేమిస్తాంలే" అన్నాడు.

సగం ఆట అయ్యేసరికి లయన్స్ 21, రామ్స్ 17. ఆ తర్వాత లయన్స్‌కి దక్కింది ఒక్క ఫీల్డ్ గోలే, అంటే బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు. రామ్స్ మూడేసి పాయింట్లతో దగ్గరికొచ్చేశారు. 24-23. ఇక్కడ టెన్షన్ చూడాలి! ముందున్నామన్న ధీమా ఒక్క మొహంలోనూ లేదు. ఓడిపోవడం బాగా అలవాటైనవాళ్ళ మౌనం అది. చివర్లో బంతి లయన్స్ దగ్గరే ఉంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటితే బంతి మళ్ళీ వాళ్ళదే, రామ్స్‌కి గడియారం ఆపడానికి ఇక టైమౌట్లు లేవు. గాఫ్ విసిరాడు. ఆమన్-రా సెయింట్ బ్రౌన్ పట్టాడు, 11 గజాలు. అయిపోయింది.

బావ నా మెడ పట్టుకుని ఊపేస్తున్నాడు. "జారెడ్ గాఫ్, జారెడ్ గాఫ్" అని కేకలు. పెద్దాయన మాత్రం అరవలేదు. టోపీ తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాతి వారం టాంపా బే మీద కూడా గెలిచారు. 28న శాన్ ఫ్రాన్సిస్కోతో ఆటని కొలంబస్‌లో ఇంట్లోనే చూశాను. సగానికి లయన్స్ 24-7. బావకి ఫోన్ చేస్తే, "అప్పుడే ఏం అనకురా" అని పెట్టేశాడు. 34-31తో ఓడిపోయారు. రాత్రి మళ్ళీ చేశాను. ఎత్తలేదు.