నాలుగు సీట్లు, ముగ్గురు మనుషులు

మొన్న ఆదివారం చెల్లెల్ని విమానం ఎక్కించి ఓర్వకల్లు నుంచి కర్నూలు వస్తుంటే కారులో చిన్నాయన అడిగాడు: "అమెరికాలో నువ్వు తోలేవాడివి కదా, ఆ చిన్న విమానంలో ఎంతమంది పట్టేవాళ్లు?"

సీట్లు నాలుగు, మనుషులు ముగ్గురు అన్నాను.

"అదేం బండిరా!" అన్నాడు.

చిన్నాయన ముప్ఫై ఏళ్లుగా లారీలు తిప్పుతున్నాడు. బేతంచెర్ల నాపరాళ్లు ఆయన దించని ఊరు లేదు. ఆయనకు బరువుల గురించి నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను, ఇంటికొచ్చాక మజ్జిగ తాగుతూ మళ్లీ మొదలుపెట్టాను.

డల్లాస్ దగ్గర ఉన్నప్పుడు ఏడేళ్లపాటు నాకు సెస్నా 172 అనే చిన్న విమానంలో మూడో వంతు వాటా ఉండేది. 1978 మోడల్, 172ఎన్. ముందు లైకమింగ్ కంపెనీ పెట్రోల్ ఇంజన్ ఒకే ఒక్కటి, 160 హార్స్‌పవర్. టేకాఫ్‌కి గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు, అంటే 1,043 కిలోలు. కాగితం ప్రకారం మా బండి ఖాళీ బరువు 664 కిలోలు. ట్యాంకులు నింపితే వాడుకోదగ్గ పెట్రోలు 40 గ్యాలన్లు, సుమారు 150 లీటర్లు. లీటరుకు 720 గ్రాముల లెక్కన 109 కిలోలు. ఇక మనుషులకూ సామానుకూ మిగిలింది 270 కిలోలు. మా ముగ్గురు వాటాదారుల్లో ఎనభై కిలోలకు తగ్గినవాడు ఒక్కడూ లేడు. నాలుగోవాణ్ని ఎక్కించుకోవాలంటే పెట్రోలు తగ్గించుకోవాలి.

"పెద్ద ఇంజన్ వేయించుకోవాల్సింది" అన్నాడు చిన్నాయన. వేయించాం. మా మోడల్‌లో వచ్చిన హెచ్2ఏడీ అనే ఇంజన్‌కి లోపల వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్, ట్యాపెట్లు అరిగిపోతాయని మొదట్నుంచీ చెడ్డపేరు. దానికోసం ఆయిల్‌లో ప్రత్యేకంగా ఒక మందు కూడా కలుపుతారు. మాది నడిచిన గంటలు 2,000కు దగ్గరపడి, ఎలాగూ పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయించాల్సి వచ్చింది కాబట్టి దాన్ని తీసేసి 180 హార్స్‌పవర్ ఓ-360 ఇంజన్ ఎక్కించాం. విమానానికి మన ఇష్టమొచ్చిన ఇంజన్ బిగించడం కుదరదు. ఆ మోడల్‌కి ఆ మార్పు చేయొచ్చని ఎస్‌టీసీ అనే అనుమతి ఉండాలి. మేం తీసుకున్నదాంట్లో ఇంకో వెసులుబాటు ఉంది: రెక్కల వెనక అంచున కిందికి వంగే ఫ్లాప్స్ 40 డిగ్రీల దాకా దిగకుండా 30 దగ్గరే ఆపేస్తే గరిష్ఠ బరువు 2,550 పౌండ్లకు పెంచుకోవచ్చు. ఒక్క కాగితంతో 113 కిలోలు! ఖర్చు మాత్రం అడక్కండి. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ కర్నూల్లో సైట్ల రేట్లతో పోల్చి చూపిస్తుంది.

వేగం ఎంత పెరిగిందంటారా? నాలుగు నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). 112 ఉండేది, 116 అయింది. తిట్టుకోవడానికేం లేదు, లెక్కే అంత. వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. మేం పెంచింది ఎనిమిదో వంతు, దానికి వచ్చేది నాలుగు శాతం. పైగా గంటకు 30 లీటర్లు తాగే బండి 36 తాగడం మొదలుపెట్టింది. ట్యాంకులు పాతవే.

అసలు లాభం పైకెక్కడంలో తెలిసింది. తిన్నగా ఎగరడానికి కావాల్సింది పోగా మిగిలిన పవరే విమానాన్ని పైకి తీసుకుపోతుంది. ఆ మిగులు ముందే కొంచెం. దానికి ఇరవై తోడైతే చాలా తేడా. ఆగస్టు మధ్యాహ్నం ముగ్గురం ఎక్కితే నిమిషానికి 400 అడుగులు ఈడ్చుకుంటూ ఎక్కేది, తర్వాత 650 దాటింది. ఎండ అంటే గుర్తొచ్చింది. కర్నూలు ఎత్తు సుమారు 900 అడుగులే. కానీ 43 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజన్‌కీ రెక్కలకీ 4,400 అడుగుల మీద ఉన్నట్టే ఉంటుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకూ మూడు శాతం పవర్ పోగొట్టుకుంటుంది. "నల్లమల ఘాట్‌లో లోడుబండి మాదిరి" అన్నాడు చిన్నాయన. అంతే మరి.

బ్యాలెన్స్ సంగతికొచ్చేసరికి ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. రాళ్లన్నీ వెనక్కి పేరిస్తే స్టీరింగ్ తేలిపోతుందట, మలుపులో బండి మాట వినదట. 172లో కొలత మొదలయ్యేది ఇంజన్ వెనకున్న ఫైర్‌వాల్ అనే అడ్డుగోడ దగ్గర. అక్కణ్నుంచి ముందు సీట్లు 37 అంగుళాలు, వెనక సీటు 73, సామాను పెట్టే చోటు 95. బరువును దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే బండి బరువు ఎక్కడ నిలుస్తుందో వస్తుంది. తోక రెక్క విమానాన్ని పైకి లేపుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది కిందికి నొక్కుతుంది. ముక్కు బరువైతే తోక ఇంకా గట్టిగా నొక్కాలి, ఆ భారం కూడా రెక్కలే మోయాలి. అందుకే బరువు కాస్త వెనక్కి జరిగితే ఒకటి రెండు నాట్లు ఊరికే వస్తాయి. హద్దు దాటి జరిగితే మాత్రం స్పిన్‌లో పడి గిరగిరా తిరుగుతూ కిందికి దిగే బండిని బయటికి తేవడం కుదరకపోవచ్చు.

కొత్త ఇంజన్‌తో మా బండి ముక్కు బరువైంది. ఒక్కణ్నే పోయేటప్పుడు వెనక అరలో పది లీటర్ల నీళ్ల డబ్బా పెట్టి వల బిగించేవాణ్ని. ల్యాండింగ్‌లో కంట్రోల్ లాగడానికి చేతికి హాయిగా ఉండేది.

ఇంజన్ మార్చాక మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి తూకం వేయించాం. కొత్త ఇంజన్ తేడా కలుపుకున్నా కాగితం మీద ఉండాల్సిన దానికంటే 14 కిలోలు ఎక్కువ! నలభై ఏళ్లుగా ఎవరూ తూచలేదు. ఏది బిగించినా కూడికలు, ఏది తీసినా తీసివేతలు రాసుకుంటూ వచ్చారంతే. మెకానిక్‌తో కలిసి రెండు శనివారాలు డ్యాష్‌బోర్డు వెనక, ఫ్లోరు కింద దూరాను. ఎప్పుడో పీకేసిన, దారి చూపే పాతకాలపు ఏడీఎఫ్ రేడియో తీగలు ఇంకా తోకదాకా పడి ఉన్నాయి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతూ. సీటు కింద కరిగి అంటుకుపోయిన ఒక పసుప్పచ్చ క్రేయాన్. అంతా బకెట్‌లో వేసి తూస్తే 6 కిలోల 400 గ్రాములు. నేను ఆ బండికి చేసిన మార్పులన్నిట్లో దమ్మిడీ ఖర్చు లేకుండా ఫలితమిచ్చింది ఇదొక్కటే.

మా వాటాదారుల్లో ఒకాయనకు మొదట్నుంచీ బొనాంజా అనే ఇంకో రకం పాత విమానం మీద కన్ను. చక్రాలు లోపలికి ముడుచుకునే బండి, 150 నాట్ల పైమాటే. కానీ దాని ట్యాంకులు రెక్కల ముందు అంచుల్లో ఉంటాయి. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ బరువు వెనక్కి జరుగుతుంది. బయలుదేరేటప్పుడు హద్దులో ఉన్న లెక్క దిగేటప్పటికి దాటిపోవచ్చు. 172లో పెట్రోలు తగ్గితే బరువు కాస్త ముందుకే వస్తుంది. వెనక సీటులో పిల్లల్ని కూర్చోబెట్టుకునే నాకు అది చాలు. ఆయన నాతో వాదించాడు, ఇన్సూరెన్స్ కొటేషన్ చూశాక మానేశాడు.

మజ్జిగ అయిపోయింది. చిన్నాయన అసలు ప్రశ్న అప్పుడడిగాడు. "వచ్చేటప్పుడు నీ వాటా అమ్మినావు గదా. ఆ ఇంజన్‌కి పెట్టిన డబ్బు వచ్చిందా?"

సగం వచ్చింది అన్నాను.

"మేలే. నా లారీకి ఏసీ పెట్టించినాను. కొన్నోడు దానికి ఒక్క రూపాయి గూడా ఇయ్యలే."