ధారణ ఉంది, ధార లేదు

రెండేళ్ల క్రితం ఒక ఉదయం పొయ్యి మీద పాలు పొంగుతుండగా, గోడకు వేలాడుతున్న వస్తువు పేరు నాకు తట్టలేదు. “అమ్మా, అది... అదే... గిన్నె దించేది...” అని నేను చేతులు ఆడిస్తుంటే, మా అమ్మ గబగబా వచ్చి పట్టకారుతో గిన్నె దించి, “మాట్లాడడానికి కూడా బద్ధకమేనటే నీకు?” అంది. పద్దెనిమిదేళ్లుగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతూ, పిల్లల చేత పర్యాయపదాలు వల్లె వేయించే నాకు ఆ రోజు పట్టకారు అన్న చిన్న మాట దొరకలేదు.

అప్పటికి నాలుగు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాను. నిద్ర పట్టడం లేదని, ఆకలి లేదని డాక్టరుగారికి చెప్పాను గాని, మాటలు తప్పిపోతున్న సంగతి మాత్రం దాచాను. నలభై ఆరేళ్లకే మతిమరుపు జబ్బు మొదలైందేమోనన్న భయం దానికి కారణం. పాలు పొంగిన మరుసటి వారం ధైర్యం చేసి చెప్పాక, ఆయన నన్ను సైకాలజిస్టు దగ్గరకు పంపారు.

“ఒక్క నిమిషంలో మీకు గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పండి” అన్నారు ఆమె. ఆవు, గేదె, మేక, గొర్రె, కుక్క, పిల్లి అని వరుసగా చెప్పి ఆగిపోయాను. ఎలుక అని ఒకటి, చాలాసేపటికి ఏనుగు అని మరొకటి. మొత్తం 8. ఆ తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కాకుండా ‘ప’తో మొదలయ్యే మాటలు చెప్పమన్నారు. నా నోటి వెంట మొదట వచ్చినవి పాపం, పతనం, పరాజయం. పువ్వు, పలక, పప్పు ఏమైపోయాయో తెలియదు. దిగులుగా ఉన్నప్పుడు దిగులు మాటలే ముందుగా తడతాయని ఆమె తరువాత చెప్పారు.

ఈ పరీక్షలో ఎన్ని మాటలు చెప్పామన్నది ఎంత ముఖ్యమో, అవి ఏ క్రమంలో వచ్చాయన్నది కూడా అంతే ముఖ్యం. 1997లో ట్రాయర్, మాస్కొవిచ్, వినోకర్ అనే పరిశోధకులు ఇందులో రెండు పనులు ఉన్నాయని విడదీసి చూపారు: ఒక గుంపులోని మాటలను వరుసగా తీయడం ఒకటి, ఆ గుంపు అయిపోగానే దాన్ని వదిలి మరో గుంపుకు మారడం రెండవది. నేను ఇంటి దగ్గరి జంతువులను చెప్పగలిగాను. చివర్లో తట్టిన ఒక్క ఏనుగు తప్ప, అక్కడి నుంచి అడవికి గాని, ఏటికి గాని, ఆకాశానికి గాని దాటలేకపోయాను. ఈ దాటడం ఎక్కువగా మెదడు ముందు భాగం మీద ఆధారపడే పని. డిప్రెషన్‌లో ఆలోచన వేగమే తగ్గుతుంది. దానికి తోడు ఒకే బాధ గానుగెద్దులా మనసులో తిరుగుతూ ఉంటే, మాటను వెతకడానికి కావలసిన ఏకాగ్రతలో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది.

మన అవధానంలో ధార, ధారణ అని రెండు మాటలున్నాయి: ధార అంటే మాట ఆగకుండా సాగడం, ధారణ అంటే మనసులో నిలుపుకోవడం. నాకు ఈ జబ్బు అర్థమైంది ఆ రెండు మాటలతోనే. నా ధారణ చెక్కుచెదరలేదు. పట్టకారు చూపించి ఇది పట్టకారేనా అని అడిగితే తడుముకోకుండా అవునంటాను, మొదటి అక్షరం అందిస్తే చాలావరకు మాట వచ్చేస్తుంది. ఆగిపోయింది ధార. డిప్రెషన్‌లో తమంతట తాము గుర్తు తెచ్చుకోవడం దెబ్బతిన్నంతగా, చూసి గుర్తుపట్టడం దెబ్బతినదు. అయినా పైకి చూస్తే మతిమరుపు జబ్బులాగే కనిపించవచ్చు కనుక, 1961లో కైలో అనే మనోవైద్యుడు ‘సూడో డిమెన్షియా’ (మతిమరుపు జబ్బులా కనిపించేది) పేరుతో రాసిన వ్యాసాన్ని వైద్యులు ఇప్పటికీ తలచుకుంటారు. పెద్ద వయసువారిలో ఈ రెంటినీ వేరు చేయడం సులభం కాదు, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. ఇంట్లోవాళ్లు తమకు తామే తేల్చేసుకోకూడని విషయమిది. మందుల సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మైగ్రేన్‌కు, మూర్ఛకు ఇచ్చే టోపిరమేట్ వంటివి కొందరిలో మాటలు తట్టకుండా చేస్తాయి.

మనసు ఒకప్పుడు దిగులులోకి, ఒకప్పుడు పట్టలేని ఉద్రేకంలోకి ఊగే బైపోలార్ జబ్బులో, ఆ ఉద్రేకపు ఉన్మాద దశ దీనికి తిరగబడ్డట్టు ఉంటుంది. మా పెద్దనాన్నగారి అబ్బాయి ఆ దశలో ఉన్నప్పుడు ‘కాలువ’ అన్న మాట నుంచి ‘విలువ’కు, అక్కడి నుంచి ‘చలువ’కు, మళ్లీ ‘చెలువ’కు దూకుతూ గంటల తరబడి మాట్లాడేవాడు. అన్నయ్య కవి అయ్యాడని చుట్టాలు మురిసిపోయారు. అక్కడ మాటను మాటతో కలిపింది అర్థం కాదు, ప్రాస. అంత వేగం ఉన్నా పరీక్షలో సరైన మాటల సంఖ్య పెరగాలని లేదు. దారి తప్పడం, చెప్పిందే చెప్పడం ఎక్కువవుతాయి. మనసు కుదుటపడ్డాక కూడా బైపోలార్ ఉన్న చాలామందిలో ఈ ఇబ్బంది కొంత మిగిలే ఉంటుంది. ఇప్పుడు అన్నయ్య ఒక్క వాక్యం ముగించడానికి ఆగి ఆగి మాట్లాడితే, అదే చుట్టాలు గర్వం పెరిగిందంటున్నారు. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆరు నెలల చికిత్స తరువాత మళ్లీ అదే పరీక్ష పెడితే 17 జంతువుల పేర్లు చెప్పాను. ఒకసారి రాసిన పరీక్షే కనుక కొంత అలవాటు కలిసివచ్చి ఉండవచ్చు; కానీ ఈసారి నెమలి దాకా, మొసలి దాకా వెళ్లి వచ్చాను. సాయంత్రం అలసిపోయినప్పుడు మాత్రం మాటలు ఇప్పటికీ తడబడతాయి. తరగతిలో అలా జరిగితే, ఒక్క నిమిషం ఆగండర్రా అని పిల్లలకు చెప్పేస్తున్నాను.

అమ్మను కూడా ఒకసారి ఆ సైకాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లాను. అప్పటి నుంచి నేను వెతుకుతున్న మాటను తను చెప్పేయదు. మొన్న వంకాయలు తరుగుతూ, “ఆ పైనది, పచ్చగా ఉండేది తీసెయ్యనా?” అని అడిగాను. “ము...” అని ఆగింది. నా చేతిలోని కాయ వైపు చూస్తూ, పొయ్యి మీద నూనె కాగుతున్నా కదలకుండా కూర్చుంది.

“ముచ్చిక” అన్నాను.

“ఆఁ, తీసెయ్యి” అని లేచి మంట తగ్గించింది.